మగవాళ్లతో సెక్స్ చేసే మగవాళ్లు హెచ్‌ఐవీ రాకుండా చూసుకోవడం ఎలా

ముందు కొబ్బరినూనె సంగతి చెప్తాను, ఎందుకంటే మన కోనసీమలో అది లేని ఇల్లు ఉండదు, ఆ టైంలో చేతికి అందేదీ అదే. లేటెక్స్ కండోమ్ మీద నూనె పడితే రబ్బరు కొన్ని నిమిషాల్లోనే బలం కోల్పోయి చిరిగిపోతుంది. వేజలీన్ కూడా అంతే. మెడికల్ షాపులో వాటర్ బేస్డ్ లూబ్ (జారుడు కోసం రాసుకునే, నూనె లేని జెల్) అని అడగండి, అడగడానికి మొహమాటమైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మలద్వారం లోపలి పొర బాగా పల్చన, దానంతట అది తడి ఊరదు, అందుకే అక్కడ చిన్న గాయాలు తొందరగా అవుతాయి, లోపలికి తీసుకునేవాళ్లకి రిస్క్ ఇంకా ఎక్కువ. ఓరల్‌తో హెచ్‌ఐవీ వచ్చే అవకాశం చాలా తక్కువ గానీ సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులు వస్తాయి.

కండోమ్ చిరిగిందా? రేపు చూద్దాంలే అని ఆగొద్దు. రిస్క్ జరిగాక హెచ్‌ఐవీ అంటకుండా వాడే పెప్ అనే మందులు 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు, 28 రోజులు మానకుండా వాడాలి. కాకినాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి, అక్కడ కుదరకపోతే ఈ మందులు తెలిసిన ప్రైవేటు డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి. తరచూ కొత్తవాళ్లని కలిసేవాళ్లు ప్రెప్ (హెచ్‌ఐవీ రాకుండా ముందుగానే వేసుకునే మందు) గురించి డాక్టర్‌తో మాట్లాడండి. హెచ్‌ఐవీ టెస్టు, కిడ్నీ టెస్టు చేశాకే రాస్తారు. అది మిగతా సుఖవ్యాధుల్ని ఆపదు, కాబట్టి కండోమ్ మానొద్దు.

హెచ్‌ఐవీ టెస్టు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో (కౌన్సెలింగ్ ఇచ్చి టెస్టు చేసే సెంటర్) ఉచితం. అమలాపురంలో తెలిసినవాళ్లు కనిపిస్తారని టెన్షన్‌గా ఉంటే, అది నాకు బాగా అర్థమవుతుంది, కాకినాడో రాజమండ్రో బస్సెక్కండి. మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదని, వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది. మగవాళ్లతో సంబంధం ఉందని కౌన్సిలర్‌కి చెప్పడానికి భయం అక్కర్లేదు, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య సెక్స్ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. నిజం చెప్తేనే సిఫిలిస్ టెస్టు కూడా రాస్తారు. రిస్క్ జరిగిన వారానికే నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోండి.

పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ మందులు కూడా ఉచితమే. రోజూ వేసుకుంటూ, వైరల్ లోడ్ టెస్టులో (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) వైరస్ కనబడనంత తగ్గి అలాగే నిలిస్తే, సెక్స్ ద్వారా మీ నుంచి ఎవరికీ అంటదు. పెళ్లయినవాళ్లయితే మాత్రం, ఎంత కష్టమైనా, భార్యకి టెస్టు చేయించే విషయం వాయిదా వేయకండి. ఆవిడకి ఎలా చెప్పాలో కౌన్సిలర్ సాయం చేస్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి చేయండి, డబ్బులు పడవు.