పెట్ షాపులో క్లినిక్కా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

పోయిన నెల తిరుపతిలో ఒక పెట్ షాపు ముందు పెద్ద గొడవైంది. అక్కడ కొన్న కుక్కపిల్లలు వేర్వేరు ఇళ్లలో వారం తిరక్కుండానే రక్త విరేచనాలతో చనిపోయాయి. కొన్నవాళ్లు వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. షాపతను మోసగాడేం కాదు. పిల్లలకి మొదటి టీకా వేయించాడు, కార్డు ఇచ్చాడు. షాపు వెనక భాగం ఒక వెటర్నరీ క్లినిక్‌కి ఇచ్చాడు కూడా. కొంప ముంచింది ఆ వెనక భాగమే.

నేను చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, తిరుపతి షాపులకి ఫీడ్ వేస్తుంటాను. బస్తాలు దించేది వెనక గదిలో కాబట్టి కస్టమర్ చూడనివి నేను చూస్తాను. ఉగాదికి ఓపెనింగ్ పెట్టుకుని, అద్దె తగ్గుతుందని గ్రూమింగ్ వాళ్లతోనో, డాక్టరుతోనో, అక్వేరియం వాళ్లతోనో గది పంచుకుందామని చాలామంది అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. తిరుపతి ఏఐఆర్ బైపాస్ రోడ్డు లాంటి చోట ఒక్కడే షట్టరు తీసుకుని నిలబడటం కష్టం. స్నానానికి వచ్చిన కుక్క యజమాని పోతూ పోతూ ఫీడు, బెల్టు కొనుక్కుపోతాడు. పార్కింగ్ చూసుకోండి, బోర్డు పెద్దది పెట్టండి అని నేను చెప్పక్కర్లేదు.

దారి

"డాక్టరు సారు లోపలే ఉంటే మనకేం భయమన్నా" అంటారు. భయం అక్కడే ఉంది. డాక్టరు దగ్గరికి వచ్చేవి జబ్బు కుక్కలు. మన ఊళ్లో షాపు గదులు ఎలా ఉంటాయో తెలుసు కదా: పొడవాటి గది, ముందు ఒకటే షట్టరు, బాత్రూమూ సింకూ చివర్లో. క్లినిక్ వెనక పెడితే వాంతులు చేసుకుంటున్న కుక్క మీ పిల్లల బోన్ల ముందు నుంచే నడిచి వెళ్లాలి. మళ్లీ అదే దారిన తిరిగి రావాలి.

ఈ రక్త విరేచనాలు తెచ్చేది పార్వో వైరస్. అది సోకడానికి కుక్క కుక్కని తాకక్కర్లేదు. నేల మీద పడ్డ మలం, చెప్పు, బక్కెట్టు, తుడుపుగుడ్డ, చెయ్యి, ఏదైనా చాలు. నేల మీద, సందుల్లో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, చేతికి రాసుకునే శానిటైజర్‌కీ చావదు. సోకాక మూడు నుంచి ఏడు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా. అంటే మీ షాపులో పిల్ల గంతులేస్తూనే ఉంటుంది. అమ్మిన నాలుగో రోజు కొన్నవాళ్లింట్లో పడిపోతుంది. పైగా లక్షణాలు కనపడకముందే మలంలో వైరస్ వదలడం మొదలవుతుంది కాబట్టి, ఒక పిల్లకి వస్తే ఆ వరసలోని బోన్లన్నీ అనుమానమే.

టీకా వేశాం కదా అంటారా? తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పట్టదు. అది ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు విడతలుగా వేస్తారు. మీరు అమ్మే వయసు పిల్లలన్నీ ఆ మధ్యలోనే ఉంటాయి. ఒక డోసు కార్డు చూసి ధైర్యపడకండి.

కాబట్టి జబ్బు కుక్క దారి, అమ్మకం పిల్ల దారి ఒకటి కాకూడదు. మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టాం అంటే కుదరదు, ప్లైవుడ్ కింద నుంచి నీళ్లు పారతాయి. పక్క సందులోకి ఇంకో తలుపు ఉన్న మూల గది దొరికితే మెయిన్ రోడ్డు కాకపోయినా అదే తీసుకోండి. దొరకలేదా, క్లినిక్ ఉన్న చోట పిల్లల్ని పెట్టకండి. ఫీడు, బెల్టులు, బోన్లు, ఆటవస్తువులు అమ్మండి. పిల్ల కావాలన్నవాళ్లని రిజిస్ట్రేషన్ ఉన్న బ్రీడర్ దగ్గరికి నేరుగా పంపండి. లాభం తగ్గుతుంది, నిజమే. పిల్లలు చచ్చిపోయిన షాపు అని ఊళ్లో పేరొచ్చాక ఫీడు కూడా అమ్ముడుపోదు. అది నేను నా బిల్లుల్లోనే చూశాను.

నీళ్లు

దారి వేరు చేసినవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు. నేల వాటం ఎటుందో ఒక బక్కెట్ నీళ్లు పోసి చూడండి. క్లినిక్కో గ్రూమింగ్ గదో కడిగిన నీళ్లు పిల్లల బోన్ల కిందికి వస్తే ఆ గది వద్దు. సింకు ఒకటే ఉంటే రెండోది పెట్టించాకే అడ్వాన్స్ మాట్లాడండి. గిన్నెలు, బక్కెట్లు, తుడుపుకర్రలు ఎవరివి వాళ్లకి, రంగులు కూడా వేరుగా. పనమ్మాయి ఒక్కతే అయితే పొద్దున ముందు పిల్లల గది, చివర క్లినిక్. ఒకసారి క్లినిక్ తుడిచాక ఆ రోజుకి మళ్లీ పిల్లల గదిలోకి పోకూడదు.

కడగడానికి బట్టల బ్లీచ్ ఒక వంతుకి నీళ్లు ముప్పై వంతులు. ముందు మలం, మురికి పూర్తిగా తీసేయాలి, లేకపోతే బ్లీచ్ పని చేయదు. పది నిమిషాలు నేల తడిగా ఉంచి ఆ తర్వాత కడగాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. కడిగేటప్పుడు జంతువుల్ని బయట ఉంచాలి. బాత్రూం యాసిడ్‌తో కలిపారా, విషవాయువు వస్తుంది.

పక్కవాళ్లు

గ్రూమింగ్ పక్కన అక్వేరియం పెట్టే ముందు బాగా ఆలోచించండి. గోమార్లకి కొట్టే మందుల్లో డెల్టామెత్రిన్, పర్మెత్రిన్ లాంటివి ఉంటాయి. చేపలకి అవి కొంచెం తగిలినా చాలు. పక్క గదిలో కొట్టిన స్ప్రేని ఎయిర్ పంపు లాక్కుని నేరుగా ట్యాంకులోకి వదులుతుంది. చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించిన చేపలన్నీ పొద్దున్నే తేలి ఉంటే, నీళ్లు బాగాలేవేమో అని తలపట్టుకుంటారు. పర్మెత్రిన్ పిల్లులకి కూడా విషమే. కుక్క మీద చల్లిన గదిలో అప్పుడే పిల్లిని పెట్టకండి.

పక్షులుంటే పక్కన టిఫిన్ సెంటరో కేఫేనో వద్దు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగకి పక్షులు నిమిషాల్లో రాలిపోతాయి. కేఫేలో కుక్కల్ని తిప్పే ఫ్యాషన్ ఇప్పుడిప్పుడే మన ఊరికీ వస్తోంది. మీ అమ్మకం పిల్లల్ని మాత్రం ఆ బల్లల మధ్య తిప్పకండి. వచ్చేపోయే కుక్కలన్నీ నడిచే నేల అది.

అక్వేరియం మేడ మీద పెడతాం అంటే బరువు లెక్కేయండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకులో నీళ్లే 250 కిలోలు. అద్దం, రాళ్లు, స్టాండు ఆ పైన. అలాంటివి ఒకే గోడకి నాలుగు పెడతారు.

కాగితాలు, మిగతావి

2018 పెట్ షాప్ నియమాల ప్రకారం జంతువుల్ని అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ చేయించుకోవాలి. పక్కవాడి పేరు మీద ఉన్న కాగితంతో మీరు అమ్మలేరు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఎవరి వ్యాపారానికి వాళ్లదే.

మీ అద్దె అగ్రిమెంటులో సబ్‌లీజుకి ఒప్పుకున్నట్టు ఓనరు సంతకం ఉండాలి. నోటి మాట చాలదు.

పిల్ల చనిపోతే డబ్బు ఎవరు తిరిగివ్వాలి, క్లినిక్ నుంచి వచ్చిందని తేలితే ఎవరు, ముందే రాసుకోండి. ఆ రోజు వచ్చాక రాయడానికి ఎవరూ కూర్చోరు.

బిల్లు బుక్కులు వేరు. ఒకే బోర్డు కింద ఒకే బిల్లు ఇస్తే కస్టమర్‌కి మీరిద్దరూ ఒకటే.

కరెంటు మీటరు వేరు, కుదరకపోతే సబ్‌మీటరు.

రాత్రి చివరగా వెళ్లేవాడు మెయిన్ ఆపేసి తాళం వేస్తాడు. గ్రూమింగ్ కుర్రాడికి ఎయిర్ పంపు గుర్తుండదు. చేపల లైను, ఫ్యాన్ల లైను, టీకాల ఫ్రిజ్ లైను మెయిన్ దగ్గరే విడదీయించి, వాటి స్విచ్చుల మీద పెట్టె బిగించి తాళం వేయండి.

టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఫ్రిజ్ తలుపు అరలో కాదు. కూల్‌డ్రింకులతో కాదు.

టీకా మీరు వేయకండి. రిజిస్టర్డ్ వెటర్నరీ డాక్టరే వేయాలి.

డ్రగ్ లైసెన్సు లేకుండా మందులు అమ్మకండి. డాక్టరు సారు పక్కనే ఉన్నారన్నది లైసెన్సు కాదు.

ఎనిమిది వారాలు నిండని పిల్లని తీసుకోకండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

కొత్తగా వచ్చిన పిల్లలు రెండు వారాలు వేరే చోట. అదే గదిలో మూల కాదు, వేరే చోట.

రామచిలుకలు వద్దు. నక్షత్ర తాబేళ్లు వద్దు. "చుట్టుపక్కల అడవిలో దొరికాయి సార్" అని తెచ్చేవాణ్ణి షట్టరు దాటనివ్వకండి. వన్యప్రాణి చట్టం కింద జైలుకి పోయేది మీరు. గది పంచుకున్న పక్కవాడు అలాంటివి పెట్టినా అధికారులు వచ్చేది మీ షట్టరు దగ్గరికే.

మధ్యాహ్నం ఎండకి షట్టరు రేకు కాలిపోతుంది. దానికి ఆనించి బోను పెట్టకండి. ఏప్రిల్‌కి ముందే మార్చండి.

పొట్టిముక్కు కుక్కలు, పగ్, బుల్‌డాగ్ లాంటివి, గ్రూమింగ్ డ్రయ్యర్ బోనులో పెట్టి వదిలేయకండి. మనిషి నిలబడాలి.

విరేచనాలతో కుక్క వచ్చిందని ఫోనొస్తే లోపలికి రమ్మనకండి. డాక్టరు బయటికెళ్లి బండిలోనే చూడాలి, లేకపోతే నేరుగా వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పంపాలి. ఎంత పాత కస్టమర్ అయినా సరే, చంకలో ఎత్తుకొచ్చినా సరే.

ఒక్క పిల్లకి పార్వో తేలితే ఆ రోజే అమ్మకం ఆపండి. అంతకుముందు రెండు వారాల్లో అమ్మినవాళ్లందరికీ మీరే ఫోన్ చేయండి. అందుకోసమే ఏ పిల్ల ఏ బోనులో ఉంది, ఎవరింటికి పోయింది, రోజూ రిజిస్టర్‌లో రాయాలి.

గది చూపించే బ్రోకరు "మధ్యలో ఒక పార్టిషన్ కొట్టిస్తే సరిపోతుంది సార్" అంటాడు. సరిపోదు. రెండో తలుపు ఎక్కడుందో చూపించమనండి. చూపించకపోతే అడ్వాన్స్ జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.