పెద్దపేగు క్యాన్సర్‌లో కణ ఉపరితల ప్రోటీన్ల పాత్ర: పరిశోధన పత్రాన్ని పరిశీలించే పద్ధతి

పెద్దపేగు క్యాన్సర్ ముదరడంలో ఫలానా కణ ఉపరితల ప్రోటీనుకు పాత్ర ఉందని చెప్పే పరిశోధన పత్రం చేతికి రాగానే, విద్యార్థులు సాధారణంగా కణితిలో ఆ ప్రోటీను ఎన్ని రెట్లు పెరిగిందో వెతుకుతారు. ఆ అంకె అవసరమే కాని, దానితో మొదలుపెట్టకూడదు. ఆ ప్రోటీను కణపొరపై ఏ చోట ఉంది, కణం లోపలి సంకేత వ్యవస్థ దాని అదుపులో ఉందా అన్న రెండు సంగతులను ముందు తేల్చుకోవాలి.

మొదట, రంగు వేసిన కణజాలం చిత్రాలను పెద్దవి చేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపలి పొరలో, కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ఈ-కాడ్‌హెరిన్ అనే ప్రోటీను కణాల హద్దుల వెంబడి సన్నని గోధుమరంగు గీతలుగా, తేనెపట్టు గదుల గోడల్లా కనిపిస్తుంది. కణితి పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయే అంచు వద్ద ఆ గీతలు తెగిపోయి, రంగు కణం లోపలికి అలుముకొని ఉండవచ్చు. కణాలను ఛిద్రం చేసి మొత్తం ప్రోటీనును కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లో ఈ తేడా బయటపడకపోవచ్చు. ఈ-కాడ్‌హెరిన్ లోపలి కొన బీటా-కెటెనిన్ అనే మరో ప్రోటీనును పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆ బీటా-కెటెనిన్ హద్దు వద్దే ఉందా, కేంద్రకంలోకి చేరిందా అన్నదీ గమనించాలి. కేంద్రకంలోకి చేరిన బీటా-కెటెనిన్ కణ విభజనకు తోడ్పడే జన్యువులను మేల్కొలుపుతుంది.

ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పంపి ప్రోటీనును కొలిచే పద్ధతి) ఫలితాలు ఉంటే, కణాలను అవి పెరిగిన పాత్ర అడుగు నుంచి దేనితో ఊడదీశారో పద్ధతుల విభాగంలో వెతకండి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కణపొర బయటికి పొడుచుకువచ్చిన ప్రోటీను భాగాలను కత్తిరిస్తుంది. కాల్షియం ఉన్నంతవరకు ఈ-కాడ్‌హెరిన్ దాన్ని తట్టుకుంటుంది. ఈడీటీఏ అనే రసాయనం కలిపి కాల్షియాన్ని తొలగిస్తే తెగిపోతుంది. కనుక ‘ఉపరితలంపై ప్రోటీను తగ్గింది’ అన్న ఫలితానికి కారణం కణితి కాక, కణాలను ఊడదీసిన ద్రావణమే కావచ్చు. ఇంత ముఖ్యమైన వివరాన్ని అర వాక్యంలో ముగించే పత్రాలను చూస్తే నాకు విసుగు.

తర్వాత సంకేతం సంగతి. ఇందుకు, కణం పెరగాలన్న సంకేతాన్ని కణపొరపై అందుకునే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహక ప్రోటీను చరిత్రను మించిన ఉదాహరణ లేదు. ఈ గ్రాహకాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్ అనే మందుకు 2004లో అమెరికా అనుమతి ఇచ్చినప్పుడు, కణితిలో ఈజీఎఫ్ఆర్ ఉన్నట్టు తేలిన రోగులకే దాన్ని ఉద్దేశించారు. కాని రంగు గాఢతకూ మందు పనితీరుకూ పొంతన కుదరలేదు. రంగు పడని కణితులు కూడా కొన్ని తగ్గాయి. అసలు చిక్కు గ్రాహకానికి దిగువన ఉంది. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 40 శాతంలో కేరాస్ జన్యువులో మ్యుటేషన్ ఉంటుంది. అప్పుడు ఆ జన్యువు నుంచి తయారైన ప్రోటీను గ్రాహకంతో నిమిత్తం లేకుండానే సంకేతాలు పంపుతూ ఉంటుంది కనుక, పైనున్న గ్రాహకాన్ని మూసినా ప్రయోజనం ఉండదు. అందువల్ల ప్రయోగానికి వాడిన కణ శ్రేణిలో (ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే క్యాన్సర్ కణాల సంతతిలో) ఏ మ్యుటేషన్లు ఉన్నాయో తప్పక తెలుసుకోవాలి. హెచ్‌సీటీ116 అనే శ్రేణిలో కేరాస్ మ్యుటేషన్ ఉంది, కాకో-2 అనే శ్రేణిలో లేదు. ఒకదానిలో వచ్చిన ఫలితాన్ని మరోదానికి అంటగట్టలేం.

ప్రోటీనును తొలగిస్తే కణాల కదలిక తగ్గిందని చూపినప్పుడు, తిరిగి చేరిస్తే కదలిక మళ్లీ వచ్చిందో లేదో చూడాలి. కణాల పరుపుపై గీత గీసి ఖాళీ పూడే వేగాన్ని కొలిచే పరీక్షలో, కణ విభజన వల్ల కూడా ఖాళీ పూడుతుందన్నది మరవకూడదు.

చివరగా, రక్తంలోని మోతాదును రుజువుగా చూపే పత్రాల విషయం. 1965లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ వెల్లడించిన సీఈఏ (కార్సినోఎంబ్రియోనిక్ యాంటిజెన్), కొవ్వు లంగరుతో కణపొరకు అంటుకొని ఉండే ప్రోటీను. మామూలు పేగు కణంలో అది పేగు కుహరం వైపు మాత్రమే ఉంటుంది. క్యాన్సర్ కణం దిశాస్పృహ కోల్పోయాక అన్ని వైపులా పరచుకుంటుంది, పొర నుంచి విడివడి రక్తంలోకీ చేరుతుంది. శస్త్రచికిత్స తర్వాత వ్యాధి తిరగబెడుతోందేమో కనిపెట్టడానికి ఆ కొలత పనికివస్తుంది. అయితే పొగతాగేవారిలోనూ అది పెరుగుతుంది. రక్తంలో పెరిగిందని మాత్రమే చూపిన పత్రం ఒక సూచికను చూపినట్టే లెక్క. కణితి ముదరడానికి ఆ ప్రోటీనే కారణమని చెప్పాలంటే పైన చెప్పిన ప్రయోగాలు అందులో ఉండాలి.