ఘాట్‌లో సూది పైకి పోతోందా? పాత కారు రేడియేటర్ ఫ్యాన్ లోపాన్ని వరసగా పట్టుకోండి

సాలూరు దాటి సుంకి ఘాట్‌లో సెకండ్ గేరులో పాకుతున్నప్పుడు టెంపరేచర్ సూది ఎర్రగీత దాకా పోయి, పైన పొట్టంగి దాటి రోడ్డు సాఫీగా వచ్చాక దానంతట అదే దిగిపోతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే పెట్టాలి. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, వేగం లేనప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. అలా కాకుండా చదును రోడ్డు మీద 70లో పోతున్నా వేడెక్కుతోందా? అప్పుడు ఫ్యాన్ జోలికి పోకండి. రేడియేటర్ జామ్ అయిందేమో, థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు), వాటర్ పంపు ఎలా ఉన్నాయో చూసుకోండి.

ఇక్కడ చెప్పేది కార్బురేటర్ మారుతి 800 లాంటి, కరెంటు ఫ్యాన్‌ను థర్మో స్విచ్ (నీళ్ళు వేడెక్కితే దానంతట అదే కలిసే స్విచ్) నడిపే బళ్ళకి. అంబాసిడర్, పద్మినిలలో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది, వాటి లెక్క వేరు.

ఫ్యాన్ తిరగడం లేదనగానే మోటారు మార్చేయడం చాలా షెడ్లలో అలవాటు. పాత బండిలో మోటారును ఆఖరున అనుమానించాలి. అసలు దొంగలు చిలుము పట్టిన ఎర్త్ (బండి బాడీకి బిగించే నెగటివ్ వైరు), సగం కాలిన ఫ్యూజ్ హోల్డర్, మొండికేసిన స్విచ్. అయినా మోటారు పరీక్షకు పట్టేది రెండు నిమిషాలే కాబట్టి మొదట అదే కానిచ్చేస్తే మిగతా వెతుకులాట తేలికవుతుంది.

ఇంజన్ చల్లగా ఉండగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కొన్ని బళ్ళలో తాళం తీసేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్ళు పోతాయి. రెక్కను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. గరగరమన్నా, షాఫ్ట్ అటూ ఇటూ ఊగినా బుష్ (షాఫ్ట్ తిరిగే గూడు) అరిగినట్టు. తర్వాత నెగటివ్ తిరిగి బిగించి, మోటారు కప్లర్ (వైర్ల ప్లగ్గు) పీకి, 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైర్లు రెండు తీసుకుని, పాజిటివ్ వైరులో 20 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి, బ్యాటరీ నుంచి డైరెక్ట్ ఇవ్వండి. సుర్రుమని తిరిగితే మోటారు బాగున్నట్టే. తిరగక, స్పానర్‌తో నెమ్మదిగా తడితే లేచిందంటే కార్బన్లు (మోటారు లోపలికి కరెంటు అందించే ముక్కలు) అరిగిపోయాయి. కార్బన్లు మార్చే వీలున్న మోటారైతే అవి మార్చితే సరి. డైరెక్ట్ ఇచ్చినా ఫ్యూజ్ కొట్టేస్తోందంటే మోటారు లోపల పట్టేసిందో, వైండింగ్ షార్టయిందో అనుకోవాలి. పెద్ద ఫ్యూజ్ వేసి దాన్ని దాటించాలని చూడకండి, వైర్లు కాలతాయి.

మోటారు బాగుంటే థర్మో స్విచ్ దగ్గరకు రండి. ఇది కొన్ని బళ్ళలో రేడియేటర్ కింది భాగంలో, కొన్నింట్లో థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఉంటుంది. పక్కనే ఉండే మీటర్ సెండర్‌ను (టెంపరేచర్ సూదికి వేడి సంగతి చెప్పేదాన్ని) చూసి ఇదే అనుకునేవాళ్ళు చాలామంది. తేడా తెలుసుకోవడం సులువే: ఇగ్నిషన్ ఆన్‌లో వైరు పీకినప్పుడు మీటరు సూది చల్లటి వైపు పడిపోతే అది సెండర్. స్విచ్‌కి రెండు వైర్లుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ రెండింటినీ వైరు ముక్కతో కలపండి. ఒకటే ఉంటే దాన్ని ఇంజన్ బాడీకి ఆనించండి. ఫ్యాన్ లేచిందా, స్విచ్ పోయినట్టు. లేదా స్విచ్ చుట్టూ గాలి నిలిచిపోయింది. ఈ రెండోది ఎక్కువమంది మరిచిపోతారు. నీళ్ళు తగ్గినా ఎయిర్ లాక్ ఉన్నా స్విచ్ మొనకు వేడినీరు తగలదు. అప్పుడు మంచి స్విచ్ కూడా పనిచేయదు. కొత్తది కొనేముందు నీళ్ళు నింపి గాలి తీయండి. (ఇంజక్షన్ బళ్ళలో ఈ వైర్లు కలిపే పని చేయొద్దు. అక్కడ ఫ్యాన్ సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది.)

స్విచ్ మీద అనుమానం తీరకపోతే విప్పి, మొన మాత్రమే మునిగేలా గిన్నెలో నీళ్ళు పెట్టి, థర్మామీటరు ఉంచి కాచండి. రెండు టెర్మినళ్ళకు మల్టీమీటరు తగిలించి చూస్తే, మామూలుగా 90–97 డిగ్రీల మధ్య కలవాలి, కొన్ని డిగ్రీలు చల్లారాక విడిపోవాలి. అసలు అంకె స్విచ్ మీదే ముద్రించి ఉంటుంది. నీళ్ళు తెర్లుతున్నా కలవకపోతే పారేయండి.

స్విచ్ వైర్లు కలిపినా ఫ్యాన్ కదల్లేదంటే ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) చూడాలి. ఫ్యూజ్‌ను కళ్ళతో చూసి వదిలేయకండి. హోల్డర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, క్లిప్పు వదులైతే ఫ్యూజ్ మంచిదైనా కరెంటు అందదు. రిలేలో 85, 86 కాయిల్ కాళ్ళు. 30కి బ్యాటరీ నుంచి వచ్చి 87 నుంచి మోటారుకు పోతుంది. రిలే టిక్కుమంటోంది గాని ఫ్యాన్ లేవదంటే లోపలి కాంటాక్టులు కాలాయి. ఒక హెచ్చరిక: సాలూరు లారీల ఊరు, లారీ సామాన్ల షాపులే ఎక్కువ. అక్కడ 24 వోల్టుల రిలే చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అది 12 వోల్టుల కారులో గట్టిగా లాగదు. మూత మీద అంకె చదివి కొనండి.

ఇక అసలు రోగం, ఫ్యాన్ తిరుగుతుంది గాని నీరసంగా. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల్లో పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగా ఒక కాలు బ్యాటరీ పాజిటివ్‌కి, రెండోది మోటారు పాజిటివ్‌కి పెట్టండి. 0.5 వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో కరెంటు తినేస్తోంది. బ్యాటరీ నెగటివ్ నుంచి మోటారు నెగటివ్ దాకా 0.2 దాటకూడదు. ఫ్యాన్ ఆపి కొలిస్తే ఈ లోపం కనపడదు. కరెంటు పారుతున్నప్పుడే వోల్టేజీ పడుతుంది. ఎర్త్ లగ్ విప్పి, కింద పెయింటు, ఆకుపచ్చ చిలుము ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకి, స్టార్ వాషరుతో బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. వానలు ఎక్కువుండే ఈ కొండల్లో ఆ గ్రీజు దండగ కాదు.

డ్యాష్‌బోర్డు మీద ఇంట్లో వాడే స్విచ్ పెట్టి ఫ్యాన్‌కి డైరెక్ట్ ఇవ్వడం మానుకోండి. స్విచ్ కావాలంటే అది రిలే కాయిల్‌కే వెళ్ళాలి.

ఘాట్ మధ్యలో ఫ్యాన్ ఆగితే ఏసీ ఆపి, హీటర్ ఉంటే పూర్తిగా తెరిచి, వెడల్పు చోట పక్కకు తీసి ఇంజన్ ఆపండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టొద్దు. లోపల ఒత్తిడి మీద నీరు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాకుండా ఉంటుంది, మూత తిరగ్గానే మొహం మీదకు చిమ్ముతుంది. చల్లారాక స్విచ్ వైర్లు కలిపి, ఫ్యాన్ నిరంతరం తిరిగేలా చేసుకుని కిందికి దిగొచ్చు.

మోటారు మార్చినా, వైర్లు విప్పి కలిపినా చివర్లో గాలి దిశ చూడండి. పాజిటివ్, నెగటివ్ తారుమారైతే ఇలాంటి మోటారు వెనక్కి తిరుగుతుంది, గాలి ముందుకు తోసేస్తుంది. రేడియేటర్ వెనక ఫ్యాన్ ఉన్న బండిలో ముందు జాలీకి పల్చటి కాగితం ఆనిస్తే అది అతుక్కోవాలి. ఎగిరిపోతే కప్లర్‌లో రెండు వైర్లూ మార్చండి.