నలభై దాటాక, గర్భం పోయిన తరువాత ఐవీఎఫ్‌కు వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నలభై దాటిన వయసులో, అంతకుముందే ఒకటి రెండు గర్భాలు నిలవకుండా పోయిన తరువాత ఐవీఎఫ్‌కు, అంటే అండాలను బయటికి తీసి ఫలదీకరించి పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టే చికిత్సకు, సిద్ధపడే దంపతులను అందరికంటే ఎక్కువగా తొందరపెట్టేది సొంత మనసే. ఆ తొందరలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే ఈ వయసులో ఆరు నెలల ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. అయితే ఇంజెక్షన్లు మొదలయ్యాక స్కానింగులు, రక్తపరీక్షలు, మందుల వేళలతో రోజులు నిండిపోయి నిదానంగా ఆలోచించే వ్యవధి దొరకదు కనుక, చేయించుకోవలసిన పరీక్షలూ తీసుకోవలసిన నిర్ణయాలూ వీలైనంతవరకు మొదటి ఇంజెక్షన్‌కు ముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు తేలవలసింది వెనుకటి గర్భం ఎందుకు పోయిందన్న సంగతి. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాల్లో దాదాపు సగానికి, వయసు పెరిగే కొద్దీ అంతకంటే ఎక్కువ వాటికి, పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. నలభై ఏళ్లకు సుమారు మూడు గర్భాల్లో ఒకటి, నలభై ఐదు దాటాక సగానికి పైగా నిలవకుండా పోతాయి. మెట్లెక్కినందువల్లనో బరువెత్తినందువల్లనో ఇలా జరిగిందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటను మనసుకు పట్టించుకోనవసరం లేదు. కానీ వయసు మీద నెపం వేసి మిగతా కారణాలను వెతకకుండా వదిలేయడం కూడా పొరపాటే. రెండు లేదా అంతకంటే ఎక్కువ గర్భాలు పోయినవారు థైరాయిడ్, షుగర్, భార్యాభర్తలిద్దరి క్రోమోజోముల పరీక్ష, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచి గర్భాన్ని దెబ్బతీయగల యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష గురించి డాక్టరును అడగాలి. ఈ చివరి పరీక్షను కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు చేస్తే తప్ప రోగనిర్ధారణ జరగదు కాబట్టి దాన్ని ముందుగా మొదలుపెట్టకపోతే చికిత్స తేదీ వచ్చేసరికి సమాధానం చేతిలో ఉండదు. పోయిన గర్భపు కణజాలాన్ని అప్పట్లో పరీక్షకు పంపి ఉంటే ఆ రిపోర్టును తప్పక వెంట తీసుకువెళ్లాలి.

గర్భం పోయినప్పుడు గర్భాశయాన్ని శుభ్రం చేసే డీ అండ్ సీ చేయించుకున్నవారు మరొక సంగతి గమనించాలి. ఆ తరువాత నెలసరి మునుపటికంటే బాగా తగ్గినా, ఆగిపోయినా, గర్భాశయం లోపలి పొరలో అతుకులు ఏర్పడి ఉండవచ్చు. అడగకపోయినా ఈ విషయం డాక్టరుకు చెప్పాలి. సన్నని కెమెరాతో గర్భాశయం లోపల చూసే హిస్టరోస్కోపీలో అతుకులు, పాలిప్‌లు అనే చిన్న కండలు, గర్భాశయంలో అడ్డుగోడ వంటివి కనబడితే, పిండాన్ని ప్రవేశపెట్టడానికి ముందే సరిచేయించుకోవడం మంచిది.

ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష రిపోర్టును చూసి సంతోషించేవారూ కుంగిపోయేవారూ ఉంటారు. అది అండాశయంలో మిగిలిన అండాల సంఖ్యను అంచనా వేస్తుందే తప్ప వాటి నాణ్యతను చెప్పదు. నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేది వయసు. 43 దాటాక సొంత అండాలతో ఒక్కో ప్రయత్నంలో బిడ్డ పుట్టే అవకాశం పదింట ఒక వంతు కంటే తక్కువే. అందుకే ఆ ఆసుపత్రిలో తమ వయసువారికి, మొదలుపెట్టిన ఒక్కో సైకిల్‌కు, అంటే ఒక్కో విడత చికిత్సకు, ఎంతమంది బిడ్డలు పుట్టారో అడగాలి. గర్భం వచ్చినవారి లెక్క వేరు, బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లినవారి లెక్క వేరు. ఒకసారి గర్భం పోగొట్టుకున్నవారికి ఈ తేడా విడమరచి చెప్పనవసరం లేదు.

పిండాల జన్యుపరీక్ష అయిన పీజీటీ-ఏను ఈ సందర్భంలో తరచుగా సూచిస్తారు. అయిదారు రోజుల పిండం నుంచి కొన్ని కణాలు తీసి క్రోమోజోముల సంఖ్యను చూసే ఈ పరీక్ష మంచి పిండాన్ని ఎంచుకోవడానికి తోడ్పడుతుంది కానీ చెడిన పిండాన్ని బాగుచేయదు, పిండాల సంఖ్యనూ పెంచదు. పరీక్ష ముగిశాక ప్రవేశపెట్టడానికి ఒక్కటీ మిగలకపోవడం నలభైలలో సాధారణమే. ఆ ఫలితం చెప్పే ఫోను రాకముందే, మరోసారి ప్రయత్నించడమా, దాత అండాల వైపు వెళ్లడమా, ఆపడమా అని దంపతులు ఒకసారి మాట్లాడుకుని ఉండాలి. దాత అండాలతో ఫలితం ప్రధానంగా దాత వయసును బట్టి ఉంటుంది.

శరీరం విషయంలో బీపీ, షుగర్, థైరాయిడ్ అదుపులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. హార్మోన్లు మొదలయ్యే ముందు రొమ్ముల ఎక్స్‌రే అయిన మామోగ్రామ్ అవసరమా అని అడగాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందునుంచి వేసుకోవాలి, కొందరికి డాక్టర్లు ఎక్కువ మోతాదు సూచిస్తారు. రుబెల్లా టీకా వేయించుకోవలసివస్తే ఆ తరువాత ఒక నెల ఆగాలి. భర్త పరీక్షలనూ పక్కన పెట్టకూడదు. వీర్యకణాలు తయారుకావడానికి రెండు మూడు నెలలు పడుతుంది కనుక సిగరెట్, మద్యం మానడం సైకిల్ మొదలైన వారంలో కాక అంతకు మూడు నెలల ముందే జరగాలి.

అండాలు పెరిగే ఇంజెక్షన్లు పది రోజుల అటూ ఇటూగా సాగుతాయి. వాటి చివర అండాలు పక్వం కావడానికి వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేళ అసలు తప్పకూడదు. అండాలను తీసే సమయాన్ని దాని నుంచి 34 నుంచి 36 గంటలకు లెక్కగడతారు. పొట్ట ఉబ్బి, బరువు ఒకటి రెండు రోజుల్లోనే పెరిగి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే అండాశయాలు అతిగా స్పందించాయన్న అనుమానంతో వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంత కష్టపడ్డాక రెండు పిండాలు పెట్టించుకుంటే అవకాశం రెట్టింపవుతుందని అనిపించడం సహజం. కానీ నలభైలలో కవల గర్భమంటే బీపీ, నెలలు నిండని కాన్పు వంటి ముప్పులు గణనీయంగా పెరుగుతాయి. జన్యుపరీక్షలో బాగుందని తేలిన పిండమైతే ఒక్కటే పెట్టించుకోవడం ఉత్తమం. పిండాన్ని ప్రవేశపెట్టాక మంచానికే పరిమితం కావలసిన పనిలేదు. ఇంట్లో ముందుగానే గర్భ పరీక్ష చేసుకోవడం మాత్రం మానుకోవాలి, ఎందుకంటే తాజా పిండాన్ని పెట్టిన సైకిల్‌లో ట్రిగ్గర్ మందు శరీరంలో ఇంకా మిగిలి ఉండి లేని గర్భాన్ని ఉన్నట్టు చూపవచ్చు. కొద్దిగా రక్తం కనబడగానే అంతా అయిపోయిందనుకుని, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ మందును సొంతంగా ఆపకూడదు. ఐవీఎఫ్‌లోనూ గర్భం ట్యూబులో నిలిచే ప్రమాదం ఉంది. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే రాత్రయినా ఆగకూడదు. గర్భం నిర్ధారణ అయ్యాక, బీపీ ముప్పును తగ్గించే తక్కువ మోతాదు ఆస్పిరిన్ తమకు అవసరమా అని 12 వారాలలోపు అడగాలి.

వెనుక ఒక స్కానింగులో గుండె చప్పుడు ఆగిందన్న మాట విన్నవారికి మళ్లీ ఆ గది గడప తొక్కడమే పరీక్ష. తెర ముందుగా తమవైపు తిప్పవద్దని, చూసిన వెంటనే మౌనంగా ఉండక మాట చెప్పమని స్కానింగు చేసే డాక్టరును ముందే కోరవచ్చు. కోరితే చాలామంది సహృదయంతో వింటారు. ఫలితం ఫోను ఎవరు తీయాలో, ఎవరికి ఎప్పుడు చెప్పాలో కూడా ముందే అనుకోవాలి. ఎన్ని సైకిళ్ల వరకు వెళ్తారో దంపతులు కలిసి ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ సంఖ్యను తరువాత మార్చుకోవడంలో తప్పు లేదు, కానీ ఒక సైకిల్ విఫలమైన వారంలో మాత్రం మార్చకుండా, కనీసం ఒక నెలసరి గడిచి డాక్టరుతో ఆ సైకిల్ ఫలితాలను వివరంగా చర్చించిన తరువాతే ఆ కాగితాన్ని మళ్లీ తీయాలి.