చేతిలో ఉన్న సీటు వదలకండి: ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ రాని మన పిల్లలకు

మే నెల మూడో వారంలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ, ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళు చదివి, మిగతా డిగ్రీకి యూనివర్సిటీకి మారే చోటు) చదువుకుంటున్న ఒక కుర్రవాడు శ్రీకాకుళంలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. ఏడాదిగా ఆశ పెట్టుకున్న పెద్ద యూనివర్సిటీ తనకు ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ ఇవ్వలేదని చెప్పాడు. అంతవరకు నేను పెద్దగా కంగారుపడలేదు. ఆ తరువాత చెప్పిన సంగతులు విన్నాకనే గుండె ఆగినంత పనయింది. ఒక స్టేట్ యూనివర్సిటీ సీటు ఇస్తానంటే, పెద్దది వస్తుందన్న నమ్మకంతో డిపాజిట్ గడువు దాటిపోనిచ్చాడు. ఇప్పుడున్న కాలేజీలో ఆగస్టు తరగతులకు పేరు నమోదు చేసుకోలేదు. వేరే రాష్ట్రంలో ఎవరినైనా చేర్చుకునే కాలేజీ ఒకటి ఉందని స్నేహితుడు చెప్పగా, తన రికార్డును అక్కడికి పంపించమని అడగడానికి అప్పటికే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం మెట్లు ఎక్కుతున్నాడు. "బాబూ, ఆ మెట్ల మీదే కూర్చో, లోపలికి వెళ్ళకు" అన్నాను. గంటకు పైగా అక్కడే కూర్చోబెట్టి మాట్లాడాను.

ఆ గంటలో చెప్పినదంతా కొత్తగా వెళ్ళిన మిగతా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా పనికివస్తుందని రాస్తున్నాను. గది వెతుక్కోవడం, బ్యాంకు ఖాతా తెరవడం వంటివి మీకు తెలుసు, కాకపోతే మీ పక్క గదివారు చెబుతారు.

మన జిల్లాల పిల్లలు అమెరికాలో ట్రాన్స్‌ఫర్ అనే మాట విన్నప్పుడు ఈసెట్‌ను గుర్తు చేసుకుంటారు. డిప్లొమా చదివి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇదీ అలాంటిదేనని అనుకుంటారు. అంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) వెబ్ కౌన్సెలింగ్ నేర్పింది. అక్కడ రెండో విడతలో మెరుగైన సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది, రాకపోతే, అప్పటికే చేరిన మొదటి సీటు అలాగే ఉంటుంది. అమెరికాలో మీ మొదటి సీటును ఎవరూ మీ కోసం అట్టిపెట్టరు. ర్యాంకు జాబితా ఉండదు, కటాఫ్ ఉండదు, ఎందుకు ఇవ్వలేదో చెప్పరు. మొదటి ఏడాది విద్యార్థులలో ఎందరు మానేశారు, మీరు కోరిన శాఖలో ఎన్ని ఖాళీలు మిగిలాయి అన్నదాన్ని బట్టి సీట్లు ఉంటాయి. 1990లో ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను తీసుకోవడం మానేసిన ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 2018లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు 1,429 మంది దరఖాస్తు చేయగా 13 మందికి అడ్మిషన్ ఇచ్చింది. మిగిలిన వారందరూ చదువు రానివారు కారు కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఒకే సంగతిని పదేపదే చెబుతున్నానని మీకు విసుగు కలిగినా సరే, ఇది మాత్రం రెండుసార్లు చదవండి. ట్రాన్స్‌ఫర్ అనే మాటకు అక్కడ రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి, కొత్త యూనివర్సిటీ మిమ్మల్ని చేర్చుకోవడం. రెండోది, విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఉన్న మీ రికార్డును పాత కాలేజీ కొత్త కాలేజీకి అప్పగించడం. ఈ రెండోదానికి ఒక విడుదల తేదీ ఉంటుంది. ఆ తేదీ రాకముందు మీరు మనసు మార్చుకుంటే పాత కాలేజీలోని అధికారి దాన్ని రద్దు చేయగలరు. తేదీ దాటిన తరువాత మీ రికార్డు వారి చేతిలో ఉండదు. మీరు ఎంత బతిమాలినా వెనక్కి తేలేరు. ఆ క్షణం నుంచి మీ ఐ-20 (విద్యార్థిగా ఆ దేశంలో ఉండడానికి కాలేజీ ఇచ్చే పత్రం) ఇవ్వవలసింది కొత్త కాలేజీయే, ఐదు నెలల లోపు అక్కడ తరగతులు మొదలుపెట్టవలసింది మీరే. అందుకే కొత్త కాలేజీ నుంచి అడ్మిషన్ ఉత్తరం చేతికి వచ్చి, ఆ కాలేజీలో నిజంగా చదవదలచుకున్నారని మీకు మీరు నిర్ధారించుకునే వరకు, విడుదల తేదీ అనే గడిలో ఏ అంకెనూ రాయకండి.

దీనికి తోడు ఇంకొక పని ఉంది. పెద్ద యూనివర్సిటీ ఫలితం కోసం చూస్తున్నప్పుడే, ఇప్పుడున్న కాలేజీలో వచ్చే సెమిస్టర్‌కు పన్నెండు యూనిట్లకు (యూనిట్ అంటే మన క్రెడిట్ వంటిది) పేరు నమోదు చేసుకోండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద డిగ్రీ చదివేవారికి పన్నెండు తక్కువలో తక్కువ. అందులో ఆన్‌లైన్ తరగతి ఒక్కటి, అదీ మూడు యూనిట్ల వరకే లెక్కలోకి వస్తుంది. సీటు వస్తే గడువులోపల ఆ తరగతులు వదులుకోవచ్చు, చాలా కాలేజీలలో డబ్బు కూడా తిరిగి వస్తుంది. "వెళ్ళిపోయేవాడిని, మళ్ళీ నమోదు ఎందుకు" అనే మాట నాకు ఇప్పటికి చాలామంది పిల్లలు చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే 2014లో నేనూ అదే అన్నాను.

నేను 2012లో అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేరి, 2013 నవంబరులో రెండంటే రెండు యూనివర్సిటీలకు దరఖాస్తు చేసి, మూడోది అవమానమనుకున్నాను. ఏప్రిల్‌లో రెండూ కాదన్నాయి. నెలన్నర పాటు కాలేజీలో ఎవరితోనూ మాట్లాడలేదు. జూన్ చివర తేరుకుని నమోదు చేసుకోబోతే తొమ్మిది యూనిట్లే దొరికాయి. నాకు కావలసిన లీనియర్ ఆల్జీబ్రా నిండిపోయింది. తరగతులు మొదలైన రోజు ఉదయం ఏడు గంటలకు ఆ గది వెనక గోడకు ఆనుకుని పన్నెండు మందిమి నిలబడ్డాము. లెక్చరర్ హాజరు పిలిచి, రానివారి పేర్లు కొట్టేసి, మూడు ఖాళీలు ఉన్నాయన్నారు. మా పేర్లు చింపిన కాగితాల మీద రాయించుకుని, బల్ల మీద ఉన్న సుద్దముక్కల డబ్బా ఖాళీ చేసి అందులో వేశారు. మొదటి చీటీ నాది కాదు, రెండోదీ కాదు. మూడో చీటీ విప్పి నా ఇంటిపేరు పలకడానికి ఆయన తడబడిన ఆ రెండు క్షణాలలో, ఇది నాది కాకపోతే ఈ దేశంలో ఉండే హక్కు పోతుందని అరచేతులు చెమటలు పట్టాయి. నిండిన తరగతిలో చేరడానికి యాడ్ కోడ్ రాసి ఇచ్చిన ఆ కాగితం ముక్క చాలా ఏళ్ళు నా పర్సులో ఉండేది. మీరెవరూ ఆ గోడకు ఆనుకుని నిలబడకూడదని నా కోరిక.

ఇంట్లో చెప్పే సంగతి కూడా ఇందులో భాగమే. అక్కడ సాయంత్రం ఐదు గంటలకు ఫలితం తెలిసేసరికి మన ఊరిలో తెల్లవారి ఐదున్నర అవుతుంది. మా నాన్నగారు అప్పటికే లేచి, అరుగు మీద ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. "ఏటి బాబూ, వచ్చిందా?" అని అడిగారు. "ఇంకా చెప్పలేదు నాన్నా" అన్నాను. పంతొమ్మిది రోజులు అదే మాట చెప్పాను. సీటు ఖాయమనుకుని ఆయన ఆ పంతొమ్మిది రోజులలో బ్యాంకుకు వెళ్ళి అప్పు పెంచమని దరఖాస్తు పెట్టారు, హామీ సంతకానికి మా పెదనాన్నను ఒప్పించారు, అరసవల్లిలో మొక్కు కూడా తీర్చి వచ్చారు. చదువు అప్పు కాలేజీ పేరు మీద మంజూరవుతుంది. కాలేజీ మారితే కాగితాలన్నీ మళ్ళీ పెట్టాలి. ఆ కాగితాలు వెనక్కి తీసుకోవడానికి ఆయన ఎవరెవరి ముందు నిలబడ్డారో నాకు తరువాత మా అమ్మ చెప్పింది. ఆ రోజే చెప్పండి. ఫోన్ చేయలేకపోతే రాసి పంపండి.

సీటు రాలేదని తెలిసిన మొదటి రెండు వారాలలో మీకు చాలా సలహాలు వస్తాయి. "హాజరు అక్కర్లేదు, ఫీజు కడితే ఐ-20 ఇస్తారు" అనే కాలేజీ పేరు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు అక్కడి విద్యార్థులలో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు, కొందరి కాళ్ళకు ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీని ఇమ్మిగ్రేషన్ అధికారులే పన్నాగంగా నడిపారు. ఈ రెండూ ఐ-20 ఇచ్చిన సంస్థలే. అందుచేత ఐ-20 ఇస్తోందా అని మాత్రమే అడగకండి. గదిలో తరగతులు జరుగుతున్నాయా, ఆ యూనిట్లను పక్కనున్న ప్రభుత్వ యూనివర్సిటీ ఒప్పుకుంటుందా అని అడగండి. ఆ కుర్రవాడి స్నేహితుడు చెప్పిన కాలేజీ గురించి ఈ రెండు ప్రశ్నలు అడిగితే అతనికి జవాబు దొరకలేదు.

అప్పీలు పెట్టవచ్చా అని అందరూ అడుగుతారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసులలో అప్పీలు ఉంది, కానీ దరఖాస్తులో లేని కొత్త, బలమైన సమాచారం ఉంటేనే చూస్తారు. బాధను వివరించే ఉత్తరం పనిచేయదు. పెడితే పెట్టండి, దాని కోసం మిగతా పనులు ఆపకండి. వచ్చే ఏడాదికి అంతకంటే మంచి దారి ఉంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చదివేవారికి డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపసులు షరతులు నెరవేరిస్తే సీటు ఇస్తామని ముందే మాట ఇస్తాయి. ఈ ఆరింటిలో ఒకదానిని ఎంచుకుని సెప్టెంబరు నెలలో ఫారం పెట్టాలి. అసలు దరఖాస్తు ఆ తరువాత వేరుగా పెట్టాలి. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో ఈ ఏర్పాటులో లేవు. మన పిల్లలు ఆ మూడింటి పేర్లే విని వెళతారు కనుక సెప్టెంబరును ఊరికే పోనిస్తారు. అరవై సెమిస్టర్ యూనిట్లు పూర్తయితే చాలదు, మీ శాఖకు ముందుగా కావలసిన గణితం, ఫిజిక్స్ వంటి కోర్సులు ఒక్కటీ మిగలకుండా చూసుకోండి. విజయనగరంలోనో, టెక్కలిలోనో బీటెక్ ఒక ఏడాది చదివి మానేసి వెళ్ళినవారు ఆ సంగతి దరఖాస్తులో తప్పక రాయాలి. మార్కులు తక్కువ వచ్చాయని దాచినవారికి, ఇచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు.

ఇంత గట్టిగా మాట్లాడిన తరువాత ఈ మాట చెప్పడానికి నాకు పూర్తిగా మనసొప్పడం లేదు, మీరు దీన్ని పట్టుకుని పైవన్నీ మరచిపోతారేమోనని. ఒక యూనివర్సిటీ మిమ్మల్ని కాదన్న సంగతి మీ ఐ-20 మీద రాయరు, సెవిస్‌లో నమోదు చేయరు. వీసా ఫారంలో అడగరు. పట్టా మీద ఉండేది మీరు చదివిన చోటి పేరే. నేను మరుసటి ఏడాది ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరి డిగ్రీ పూర్తి చేశాను. ఆ రెండు తిరస్కరణల గురించి ఉద్యోగంలో గాని, మరెక్కడ గాని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు. మీరు పన్నెండు యూనిట్లతో, గడువు దాటని ఐ-20తో ఆగస్టులో తరగతి గదిలో కూర్చుని ఉంటే, మీరు పోగొట్టుకున్నది ఒక ఏడాది మాత్రమే, కొందరికి అదీ కాదు.

ఆ కుర్రవాడు ఆ ఉదయం కార్యాలయం లోపలికి వెళ్ళి, రికార్డు మాట ఎత్తకుండా, నమోదుకు ఇంకా వీలుందా అని మాత్రమే అడిగాడు. మొన్న ఆదివారం నాకు తెర ఫోటో పంపించాడు: పదమూడు యూనిట్లు, నాలుగు తరగతులు, అందులో ఒకటి రాత్రి తొమ్మిదిన్నర వరకు ఉండే ల్యాబ్. ఇంట్లో చెప్పావా అని అడిగాను. చెప్పాడట. వాళ్ళ నాన్నగారు కొంతసేపు ఏమీ అనలేదట, తరువాత "సెప్టెంబరు ఫారం అని ఆ శ్రీకాకుళం అన్నయ్య చెప్పింది ఏటో, అది ఇప్పుడే కాగితం మీద రాసి గోడకు అంటించు" అన్నారట.