పాత మౌంటెన్ బైక్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

మా పర్లాకిమిడి వానలకి మెట్ల కింద పడున్న సైకిల్ చిలుం పట్టకుండా ఉండదు. అలాగని పాత స్టీలు ఫ్రేముని పాత ఇనుము వాడికి ఇచ్చేయకండి, చాలావరకు బతుకుతుంది.

ముందు తడిగుడ్డతో తుడిచి, హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూడండి. పగులుంటే అక్కడితో ఆపేయాలి. లేకపోతే సీటు గొట్టం, హ్యాండిల్ బిగుసుకున్నచోట నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి.

తర్వాత పెడల్స్. ఇక్కడ చాలా జాగ్రత్త! ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. నా సైకిల్‌కి ఒక షాపులో మామూలు వైపే బలంగా తిప్పి క్రాంక్ (పెడల్ బిగించే చేయి) మర పాడుచేశారు, దానికి సరిపడేది వెతకడానికి రెండుసార్లు బరంపురం వెళ్లాల్సొచ్చింది.

అసలు పని చక్రాల బేరింగులది. కింద పళ్లెం పెట్టుకుని చక్రం మధ్యలో ఉండే హబ్ విప్పండి, లేదంటే బేరింగు గోళీలు మంచం కిందకి దొర్లిపోతాయి. మామూలుగా ముందు చక్రానికి ఒక్కో వైపు 10 చిన్నవి, వెనక చక్రానికి ఒక్కో వైపు 9 పెద్దవి ఉంటాయి, అయినా విప్పేటప్పుడే లెక్కపెట్టి రాసుకోండి. నల్లగా గట్టిపడ్డ పాత గ్రీజుని డీజిల్‌లో కడిగేయండి. గోళీలు ఆనుకుని తిరిగే కోన్ మీద గోరు ఆనించి చూడండి, గుంటలు తగిలితే కొత్తది వేయాల్సిందే. కొత్త గ్రీజు నిండుగా పెట్టి గోళీలు ఒక్కొక్కటే అతికించి బిగించండి. ఇరుసుని రెండు వేళ్లతో తిప్పితే గరగరలాడకూడదు, ఊపితే కదలకూడదు. మొదటిసారి ఇది కుదరడానికి గంట పట్టినా టెన్షన్ పడకండి.

చైన్ పిన్నులు స్కేలు మీద పెట్టి చూడండి, 12 అంగుళాలు రావాల్సిన చోట ఇంకో అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయాలి. క్రోమ్ మీద చిలుంకి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్లలో ముంచి రుద్దితే చాలు. పెయింట్ మాత్రం ముట్టుకోవద్దంటాను, ఆ డబ్బుతో కొత్త బ్రేకు వైర్లు, రబ్బర్లు, టైర్లు కొనండి. టైరు 26 అంగుళాలు అని అడిగితే సరిపోదు, టైరు పక్కన 559 (రిమ్ముకి పట్టే కొలత, మిల్లీమీటర్లలో) అని ఉందో లేదో చూడాలి, ఎందుకంటే 590 అని ఉండే 26 టైర్లు కూడా ఉన్నాయి, అవి ఈ రిమ్ముకి పట్టవు.

అన్నీ బిగించాక ముందు మీ వీధిలోనే నెమ్మదిగా తొక్కి బ్రేకులు పట్టి చూడండి. గండాహాతి జలపాతం వైపు దూరం వెళ్లేముందు క్రాంక్ బోల్టులు ఇంకోసారి బిగించండి, కొత్తగా కూర్చినవి మొదటి కొన్ని కిలోమీటర్లలోనే వదులవుతాయి.