అరవై దాటాక కేదార్‌నాథ్ నడవాలంటే ముందు గోల్కొండ దిగండి

డోలీ, గుర్రం వద్దు, కేదార్‌నాథ్ నడిచే వెళ్తానని మా వాకింగ్ బ్యాచ్‌లో ఎవరన్నా నేను చెప్పేది ఒకటే: దిగడం సాధన చేయండి. గౌరీకుండ్ నుంచి గుడికి సుమారు 16 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. దిగేటప్పుడు అడుగడుగుకీ ఒంటి బరువంతా తొడల మీద, మోకాళ్ళ మీద పడుతుంది. ఆ నొప్పి కూర్చున్నా పోదు. కేబీఆర్ పార్కు చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టినా దీనికి చాలదు.

కనీసం నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. బీపీ, షుగర్, గుండె పరీక్షలు చేయించుకుని డాక్టరు సరేనన్నాకే. మొదట్లో అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకెళ్ళి మెట్ల మీద దిగండి. రెయిలింగ్ పట్టుకుని, మోకాలు కాస్త వంచి, పాదం మొత్తం ఆనించి, నెమ్మదిగా. మర్నాడు తొడలు పట్టేస్తాయి, అది మామూలే, ఒకరోజు ఆగండి. మన వయసులో కండరం కోలుకోవడానికి టైం పడుతుంది. మోకాలు వాస్తే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

ఆ తర్వాత గోల్కొండ. నేనూ మా వదినా ఆదివారాలు తలుపులు తీయగానే వెళ్ళేవాళ్ళం. సుమారు 360 మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, కొన్ని అరిగి నున్నగా ఉంటాయి. కొండదారికి అంతకన్నా మంచి సాధన మన ఊళ్ళో నాకు కనబడలేదు. మాట్లాడుతూ ఎక్కాలి, మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి. మొదట్లో కిందికొచ్చేసరికి వదిన తొడలు సన్నగా వణికేవి. కొన్ని వారాలకి ఆ వణుకు పోయింది. అప్పుడు సంచీలో నీళ్ళ సీసాలు పెట్టి బరువు పెంచాం.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. దిగుడులో వేళ్ళు బూటు కొనకి తగలకూడదు. కాటన్ సాక్సులు వద్దు, చెమట పీల్చి బొబ్బలు తెప్పిస్తాయి. చేతికర్రలు రెండు ఉంటే మోకాళ్ళకి చాలా ఆసరా.

ఎత్తుకి మాత్రం ఇక్కడ అలవాటు పడలేం. హైదరాబాద్ దాదాపు 540 మీటర్లు, కేదార్‌నాథ్ 3,583. అందుకే దారిలో గుప్తకాశీలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో ఒక రాత్రి ఆగండి. నడకలో తలనొప్పితో పాటు వాంతి, తూలుడు మొదలైతే, గుడి కిలోమీటరు దూరంలోనే ఉందని ఎవరు చెప్పినా వినకుండా వెంటనే కిందికి దిగిపోండి.